సముద్రము దాటి వచ్చు సొమ్మునకు తరుగెంత?

పంట పండించుట యొక విద్య. పండినదానిని అమ్ముకొనుట వేఱొక విద్య. మొదటిది నేర్చి రెండవది నేర్వని రైతు, కుండకు చిల్లున్నదని యెఱుగక నీళ్ళు మోయువానివలె శ్రమపడును. విత్తనము, ఎరువు, తెగుళ్ళ మందులను గూర్చి ఈ పుటలలో మేము పలుమాఱులు వ్రాసితిమి. ఈ నెల పాఠము చేనికి సంబంధించినది కాదు, లెక్కల పుస్తకమునకు సంబంధించినది.

ఇదివఱకు మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల సరకు మండీ వఱకో, మహా అయిన చెన్నై, బెంగుళూరుల వఱకో పోవుచుండెను. ఇప్పుడు నీరుగట్టువారిపల్లెలో నేసిన పట్టుచీర, పుంగనూరు వైపు ఇండ్లలో గింజ తీసి శుభ్రపఱచిన చింతపండు, కుప్పము వైపు రాగిపిండి, మన స్త్రీలు పెట్టిన ఊరగాయ, అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఉన్న మన తెలుగువారి యిండ్లకు పోగలుగుచున్నవి. చేతిఫోనులో బొమ్మ చూపిన చాలును. కొనువాడు అచ్చటనే తన కార్డుతో సొమ్ము చెల్లించును. ఇది మంచి మార్గమే. కాని ఇట్లు అమ్మినవారిలో పలువురు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు: "కొన్నవాడు పూర్తిగా ఇచ్చినానని చెప్పుచున్నాడు. మా బాంకు ఖాతాకు మాత్రము తక్కువ వచ్చినది. నడుమ తిన్నదెవరు?"

నడుమ దొంగ యెవ్వడును లేడు. ఉన్నవి రుసుములు. అవి యెన్ని, ఎవరికి చేరును, వానిని తగ్గించుకొను ఉపాయమేమి అనునదే ఈ పాఠము.

1. ఇచ్చట లేని రుసుము అచ్చట ఎందుకు?

మనము ఊరి అంగడిలో ఫోనుతో సొమ్ము చెల్లించినపుడు, నూఱు రూపాయలు పంపిన నూఱు రూపాయలును అంగడివానికి చేరును. యూ.పి.ఐ. పద్ధతి 2016లో ఆరంభమైనది. 2020 జనవరి 1వ తేదీ మొదలు యూ.పి.ఐ. చెల్లింపుల మీదను, రూపే డెబిట్ కార్డుల మీదను వర్తకుని నుండి రుసుము తీయరాదని కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. దీనికి అలవాటుపడిన మనకు, సొమ్ము పంపుటకు ఖర్చే లేదను భ్రమ కలిగినది. ఖర్చు లేకపోలేదు, దానిని బాంకులును ప్రభుత్వమును భరించుచున్నవి.

విదేశపు కార్డు సంగతి వేఱు. అమెరికాలోని కొనుగోలుదారు వీసా లేక మాస్టర్‌కార్డుతో చెల్లించినపుడు ఆ సొమ్ము మూడు నాలుగు చేతులు మారును. అతనికి కార్డు ఇచ్చిన బాంకు ఒకటి; రెండు బాంకుల నడుమ వార్త నడుపు కార్డు సంస్థ ఒకటి; మన పక్షమున సొమ్ము పుచ్చుకొను పేమెంటు గేట్‌వే సంస్థ ఒకటి; కడపట మన బాంకు. ఒక్కొక్కరును తమ పాలు తీసికొందురు. దేశము దాటిన లావాదేవీ యగుటచే కార్డు సంస్థ అదనపు రుసుము వేయును. డాలరును రూపాయిగా మార్చుటలో మఱికొంత తగ్గును. కావున దేశములోపలి కార్డునకు నూటికి రెండు రూపాయలు తీయు గేట్‌వే కూడ, విదేశపు కార్డునకు అంతకంటె ఎక్కువ తీయును.

2. నాలుగు తీతలు

టమాటా మండీకి పోయిన రైతునకు దీనిని బోధించుట కష్టము కాదు. మండీచీటీ మీద ధర యెంత యున్నను, చేతికి వచ్చునది వేఱు. కమీషను కొంత పోవును, క్రేటునకు ఇంతయని హమాలీ కూలి పోవును, తరుగు పేరిట కొంత పోవును, పన్ను పోవును. విదేశపు చెల్లింపులోను సరిగా ఈ నాలుగే యున్నవి.

మొదటిది నూటికి ఇంత అను రుసుము. ఇది మండీ కమీషను వంటిది. అమ్మకము పెరిగిన కొలది పెరుగును.

రెండవది ప్రతి అమ్మకమునకు ఇంత అను నిలుకడ రుసుము. ఇది హమాలీ కూలి వంటిది. క్రేటులో ముప్పది కిలోలున్నను పది కిలోలున్నను కూలి యొక్కటే. కనుక చిన్న అమ్మకమును ఇది ఎక్కువగా కొఱుకును.

మూడవది మారకపు తేడా. ఇదియే తరుగు. ఆనాటి అంగడి ధర డాలరునకు 90 రూపాయలైనపుడు, సంస్థ మనకు 90 ఈయదు. 88 అనియో 87 అనియో కట్టి యిచ్చును. ఆ తేడా రుసుమను పేరుతో చీటీమీద కనబడదు. కాటా దగ్గఱ నిలిచి చూడని రైతునకు తరుగు కనబడనట్లే, ఆనాటి ధర యెఱుగని విక్రేతకు ఇదియు కనబడదు. ఎఫ్.బి.ఐ.ఎల్. అను సంస్థ 2018 జులై నుండి డాలరు మొదలగు నాణెముల ప్రామాణిక ధరను పనిదినములందు ప్రకటించుచున్నది. అంతకు పూర్వము ఆ పని రిజర్వు బాంకు చేసెడిది. మనకు కట్టిన ధరను ఆ ధరతో పోల్చి చూచిన తరుగెంతయో తేలిపోవును.

నాలుగవది పన్ను. గేట్‌వే తీసికొను రుసుముమీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. పడును. ఇది అమ్మకపు మొత్తముమీద కాదు, రుసుముమీద మాత్రమే. జి.ఎస్.టి. నమోదు కలిగి ఎగుమతి చేయువారు దీనిని తిరిగి కోరవచ్చును. నమోదు లేనివారికి ఇది పోయిన సొమ్మే.

"మా రుసుము నూటికి ఇంతే" యని సంస్థలు ప్రకటించునది సాధారణముగా మొదటి తీతను మాత్రమే. నాలుగింటిని కూడినగాని నిజము తెలియదు.

3. లెక్క కట్టి చూతము

సంస్థల రేట్లు మాఱుచుండును గనుక, లెక్క కొఱకు కొన్ని అంకెలను పెట్టుకొందము. ఇవి యే యొక్క సంస్థవియు కావు. నూటికి 4.40 రుసుము, ప్రతి అమ్మకమునకు 30 సెంట్లు, ఈ రెంటిమీద నూటికి 18 పన్ను, మారకములో నూటికి 3 తేడా. అంగడి ధర డాలరునకు 90 రూపాయలు. తేడా పోగా మనకు కట్టు ధర 87 రూపాయల 30 పైసలు.

ఒక గృహిణి ఊరగాయ డబ్బాలను 20 డాలర్లకు అమ్మినదనుకొందము. తపాలా ఖర్చు మఱియొక 20 డాలర్లు; దానిని కొనువాడే యిచ్చెను. మొత్తము 40 డాలర్లు, అనగా 3,600 రూపాయలు. సరకునకు, డబ్బాకు, కూలికి ఆమెకైన ఖర్చు 1,500, తపాలాకు 1,800, మొత్తము 3,300. మిగులు 300 రూపాయలని ఆమె సంతోషించును.

ఇప్పుడు తీతలు చూడుడు. 40 డాలర్లలో నూటికి 4.40 చొప్పున 1 డాలరు 76 సెంట్లు. నిలుకడ రుసుము 30 సెంట్లు. రెండును కలిసి 2 డాలర్ల 6 సెంట్లు. దానిమీద పన్ను 37 సెంట్లు. మొత్తము 2 డాలర్ల 43 సెంట్లు పోగా మిగిలినది 37 డాలర్ల 57 సెంట్లు. 87 రూపాయల 30 పైసల చొప్పున మార్చిన 3,279 రూపాయల 86 పైసలు. ఖర్చు 3,300. లాభము 300 రాకపోగా, 20 రూపాయలు చేతినుండి పడినది!

ఇందులో గమనింపవలసినది యొకటి కలదు. తపాలా సొమ్ము ఆమెది కాదు. ఇట్లు వచ్చి అట్లు తపాలాకచ్చేరికి పోవునది. అయినను రుసుము దానిమీద కూడ పడినది. గేట్‌వే మన లాభమును చూడదు, మొత్తమును చూచును. తేలికయై వెలగల పట్టుచీరకు ఈ బాధ తక్కువ. బరువై వెల తక్కువగల ఊరగాయకు, పిండికి, చింతపండునకు ఈ బాధ ఎక్కువ.

అదే రేట్లతో వేర్వేరు మొత్తములకు మేము కట్టిన లెక్క యిది:

10 డాలర్ల అమ్మకములో 900 రూపాయలకు చేతికి వచ్చునది 797. తరుగు నూటికి 11 రూపాయల 44 పైసలు.

40 డాలర్ల అమ్మకములో 3,600కు 3,280. తరుగు నూటికి 8 రూపాయల 89 పైసలు.

200 డాలర్ల అమ్మకములో 18,000కు 16,522. తరుగు నూటికి 8 రూపాయల 21 పైసలు.

2,000 డాలర్ల అమ్మకములో 1,80,000కు 1,65,504. తరుగు నూటికి 8 రూపాయల 5 పైసలు.

ప్రకటించినది 4.40, నిజముగా పోయినది దానికి ఇంచుమించు రెండింతలు. అంతియే కాక అమ్మకము పెద్దదైనను తరుగు ఎనిమిదికి దిగువకు పోలేదు. కారణమేమన, నిలుకడ రుసుము బరువు తగ్గినను, నూటికి ఇంత యను రుసుమును మారకపు తేడాయు విడువవు.

4. బాంకు దారి

కార్డు కాక, కొనువాని బాంకు నుండి మన బాంకునకు నేరుగా సొమ్ము తెప్పించుకొనుట రెండవ దారి. దీనికి వార్త నడుపునది 1973లో స్థాపింపబడిన స్విఫ్టు సంస్థ. ఈ దారిలో నూటికి ఇంత యను రుసుము సాధారణముగా ఉండదు. దానికి బదులు పంపు బాంకు, నడుమనున్న బాంకు, పుచ్చుకొను బాంకు ఒక్కొక్క నిలుకడ మొత్తమును తీయును. మారకపు తేడా యుండును గాని, అడిగినవానికి బాంకు కొంత తగ్గింపవచ్చును. మారకముమీద జి.ఎస్.టి. కూడ కలదు. లక్ష రూపాయల లోపు మార్పిడికి, మార్చిన మొత్తములో నూటికొక్క రూపాయిని (తక్కువలో తక్కువ 250 రూపాయలను) సేవ విలువగా నెంచి దానిమీద నూటికి 18 కట్టుదురు. అనగా ఎంత చిన్న మొత్తమును మార్చినను 45 రూపాయలు తప్పదు.

ఇక్కడను లెక్క కొఱకు అంకెలు పెట్టుకొందము: దారిలో 25 డాలర్లు, మారకములో నూటికి 1, మన బాంకు రుసుములు పన్నులు కలిపి 600 రూపాయలు.

200 డాలర్లు ఈ దారిని తెప్పించిన, 175 డాలర్లు మిగిలి, 89 రూపాయల 10 పైసల చొప్పున 15,592 రూపాయలై, 600 పోగా 14,992 చేతికి వచ్చును. తరుగు నూటికి 16 రూపాయల 71 పైసలు. కార్డుకంటె రెండింతలు నష్టము.

2,000 డాలర్లు తెప్పించిన, 1,975 డాలర్లు మిగిలి, 1,75,972 రూపాయలై, 600 పోగా 1,75,372 వచ్చును. తరుగు నూటికి 2 రూపాయల 57 పైసలు. కార్డు దారిలో వచ్చు 1,65,504తో పోల్చిన 9,868 రూపాయలు మిగులు.

అనగా దారి మంచిదా చెడ్డదా యను ప్రశ్న తప్పు. ఎంత మొత్తమునకు ఏ దారి యనునదే సరియైన ప్రశ్న. గంపెడు వంకాయలకు లారీ కట్టుకొనువాడును, లారీ సరకును గంపలతో మోయువాడును ఒక్కటిగనే నష్టపడుదురు.

బాంకు దారిని సొమ్ము తెప్పించునపుడు, రుసుములు ఎవరు భరింతురో ముందే మాట్లాడుకొనవలెను. పంపువాడే అన్నియు భరించుట, ఇద్దరును పంచుకొనుట, పుచ్చుకొనువాడే భరించుట అని మూడు విధములు కలవు. మాట్లాడనిచో తఱచుగా మన పాలిట ఎక్కువ పడును.

5. మఱికొన్ని దారులు

కొన్ని సంస్థలు విక్రేతకు, కొనువాని దేశమందే సొమ్ము పడునట్లు ఒక ఖాతా సంఖ్యను ఏర్పఱచి యిచ్చును. కొనువాడు తన దేశములోపలి చెల్లింపువలె దానిలో వేయును. సంస్థ దానిని రూపాయలుగా మార్చి మన బాంకునకు చేర్చును. నడుమ మొత్తములకు ఇది అనుకూలము కావచ్చును. దీనికిని పైని చెప్పిన నాలుగు తీతల పరీక్షయే పెట్టవలెను.

పేపాల్ పేరు పలువురు విని యుందురు. ఆ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి మన దేశములోపలి చెల్లింపులు మాని, దేశము దాటిన చెల్లింపులు మాత్రము నడుపుచున్నది. కావున దానిని ఊరి అమ్మకములకు వాడ వీలులేదు, విదేశపు అమ్మకములకే.

ఎట్సీ వంటి ఆన్‌లైన్ సంతలలో అమ్మువారు, సంత రుసుము వేఱు, చెల్లింపు రుసుము వేఱు అని గుర్తింపవలెను. ఎట్సీ తన సంత రుసుమును 2022 ఏప్రిల్‌లో నూటికి 5 నుండి 6.5కు పెంచినది. చెల్లింపు ఖర్చు దీనికి అదనము. రెండును కూడి చూడక వెల పెట్టినవాడు నష్టపడును.

సింగపూరులోని మనవారు ఫోనుతోనే సొమ్ము పంపు మార్గమొకటి 2023 ఫిబ్రవరి 21న ఆరంభమైనది. అచ్చటి పేనౌ పద్ధతిని మన యూ.పి.ఐ.తో కలిపిరి. కాని అది వ్యక్తులు వ్యక్తులకు పంపుకొను చిన్న మొత్తములకు ఉద్దేశింపబడినది. ఎగుమతి వ్యాపారమునకు దానిని దారిగా నెంచరాదు.

ఇంకొక మాట నిర్మొహమాటముగా చెప్పవలసి యున్నది. "రుసుము లెందుకు? అమెరికాలో మా అల్లుని ఖాతాలో వేయించి, అతనిచే ఇంటిఖర్చు పేరిట పంపించుకొందుము" అని కొందఱనుచుందురు. ఇది తగదు. సరకు ఎగుమతి చేసి వచ్చిన సొమ్మును కుటుంబపోషణ సొమ్మని వ్రాయించుట అబద్ధము. అట్లు వచ్చిన సొమ్ము ఎగుమతి పత్రములతో జతపడదు. రేపు బాంకు అడిగిన సమాధానముండదు. అల్లునికి సైతము అతని దేశపు పన్ను అధికారులయెదుట చిక్కు కలుగవచ్చును. నూటికి ఎనిమిది తప్పించుకొనబోయి మొత్తమునకే ముప్పు తెచ్చుకొనరాదు.

6. వెల పెట్టు విధము

రుసుమును తప్పింపలేనపుడు దానిని వెలలో చేర్చవలెను. ఇందులో పలువురు చేయు పొరపాటొకటి కలదు. తరుగు నూటికి పది యున్నదని, నూఱు రూపాయల వస్తువును నూట పదికి అమ్ముదురు. నూట పదిలో నూటికి పది పోయిన మిగులునది తొంబదితొమ్మిదియే గాని నూఱు కాదు. నూఱు చేతికి రావలెనన్న, నూటిని తొంబదిచే భాగించి నూటితో గుణింపవలెను: 111 రూపాయల 11 పైసలు. రుసుము మన ఖర్చుమీద కాదు, కొనువాడు ఇచ్చు మొత్తముమీద పడుననుటయే దీని మర్మము.

పై ఊరగాయ లెక్కకు వత్తము. ఆమెకు 3,600 రూపాయలు పూర్తిగా చేతికి రావలెనన్న, 40 డాలర్లు కాదు, 43 డాలర్ల 87 సెంట్లు అడుగవలెను. అప్పుడు 300 లాభము నిలుచును. సుమారు నాలుగు డాలర్లు ఎక్కువ చెప్పుటకు సంకోచించి ఆమె తన శ్రమనంతయు ఉచితముగా ఇచ్చినదన్న మాట.

వెల పెంచిన కొనువాడు పాఱిపోవునను భయమున్నచో వేఱొక ఉపాయము కలదు. ఒక్క డబ్బా అమ్మక, మూడు డబ్బాల కట్టగా అమ్ముట. నిలుకడ రుసుము ఒక్కమాఱే పడును. తపాలా ఖర్చు కూడ, బరువు హెచ్చిన కొలది కిలోకు తగ్గుట సాధారణము.

7. తిరిగి పోవు సొమ్ము

వస్తువు నచ్చలేదని కొనువాడు తిరిగి సొమ్మడిగినపుడు, మొత్తము తిరిగి ఈయవలసివచ్చును. కాని చాల సంస్థలు మొదట తీసిన రుసుమును మనకు తిరిగి యీయవు. ఆ నష్టము మనదే.

అంతకంటె కఠినమైనది కార్డు తగాదా. సరకు చేరలేదని కొనువాడు తన బాంకునకు ఫిర్యాదు చేసిన, ఆ బాంకు సొమ్మును వెనుకకు లాగుకొనును. గేట్‌వే తగాదా రుసుము కూడ వేయవచ్చును. అప్పుడు మనల రక్షించునవి కాగితములే. తపాలా రసీదు, సరకు జాడ తెలుపు సంఖ్య, చేరినట్లు ఋజువు, కొనువానితో జరిగిన మాటల ప్రతి, కట్టుటకు ముందు తీసిన బొమ్మ: ఈ అయిదింటిని తక్కువలో తక్కువ ఆఱు నెలలు భద్రపఱచుడు. గడువులోపల ఋజువు పంపనివాడు నిజాయితీపరుడైనను ఓడిపోవును.

మోసగాండ్రును కలరు. సొమ్ము పుచ్చుకొనుటకు ఎవ్వరును తమ పిన్ సంఖ్యను నొక్కనక్కఱలేదు. నొక్కుమని అడిగినవాడు సొమ్ము పంపువాడు కాడు, లాగుకొనువాడు.

8. చట్టమును పత్రములును

ఆన్‌లైను ద్వారా ఎగుమతి సొమ్ము తెప్పించుకొనుటను రిజర్వు బాంకు క్రమక్రమముగా సడలించినది. 2010 నవంబరులో ఒక్కొక్క లావాదేవీకి 500 డాలర్లు మాత్రమే పరిమితి. 2011 అక్టోబరులో 3,000. 2013 జూనులో 10,000 డాలర్లు. 2023 అక్టోబరు 31న వెలువడిన ఉత్తరువు ప్రకారము, దేశము దాటిన చెల్లింపులు నడుపు సంస్థలన్నియు రిజర్వు బాంకు నియమములకు నేరుగా లోబడవలెను. ఆ ఉత్తరువు ఒక్కొక్క వస్తువు లేక సేవకు 25 లక్షల రూపాయలు పరిమితి విధించినది. కనుక ఏ సంస్థతోనైన చేరుటకు పూర్వము, దానికి రిజర్వు బాంకు అనుమతి కలదా యని విచారింపుడు.

విక్రేతకు కావలసిన పత్రములు ఇవి. వాణిజ్యముగా సరకు ఎగుమతి చేయుటకు ఐ.ఇ.సి. అను సంఖ్య పొందవలెను; ప్రతి సంవత్సరము ఏప్రిల్ జూను నెలల నడుమ దాని వివరములను సరిచూచి ధ్రువపఱచవలెను. తినుబండారములకు ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అనుమతి కావలెను. జి.ఎస్.టి. నమోదు కలవారు ఎల్.యు.టి. అను పూచీపత్రము దాఖలు చేసిన, పన్ను ముందు కట్టకయే ఎగుమతి చేయవచ్చును. సొమ్ము విదేశము నుండి వచ్చినదని తెలుపు ధ్రువపత్రమును ప్రతి మొత్తమునకును బాంకునుండియో గేట్‌వేనుండియో తప్పక పుచ్చుకొనవలెను. కొందఱు దానికి వేఱుగా రుసుము తీయుదురు. చేరక ముందే అడుగుడు. ఎగుమతి పత్రములో 40 డాలర్లని యుండి బాంకునకు 37 వచ్చినపుడు, ఆ తేడా రుసుమేనని చూపుటకు చీటీ దగ్గఱ ఉండవలెను.

9. సంఘము చేయగలది

ఇంతవఱకు చెప్పినది ఒంటరివాని ఉపాయము. సంఘసభ్యులకు ఇంతకంటె మంచి ఉపాయము కలదు.

ఏబదిమంది సభ్యులు ఒక్కొక్కరు 40 డాలర్ల అమ్మకము కార్డు దారిని చేసిరనుకొందము. ఒక్కొక్కరికి పోవునది 320 రూపాయల 14 పైసలు. ఏబదిమందికి 16,007 రూపాయలు. ఆ సరకునే సంఘము ఒక్కటిగా చేర్చి, అచ్చట తెలుగువారు నడుపు కిరాణా దుకాణమునకు ఒక్క బిల్లుమీద పంపి, 2,000 డాలర్లను బాంకు దారిని ఒక్కమాఱుగా తెప్పించినచో పోవునది 4,627 రూపాయల 50 పైసలు. మిగులు 11,379 రూపాయలు. తపాలా కలసివచ్చుట దీనికి అదనము. ఏబదిమందికి బదులు ఒక్క ఐ.ఇ.సి. సంఖ్య, ఒక్క లెక్కల పుస్తకము, పత్రములు చూచు ఒక్క గుమాస్తా చాలును.

దీనిలో కష్టము లేకపోలేదు. దుకాణదారు టోకు ధర అడుగును; చిల్లర ధర రాదు. అరువుపై సరకిచ్చి సొమ్ము రాకపోయిన ఏబదిమందియు నష్టపడుదురు. ఒకని డబ్బాలో లోపమున్న అందఱి పేరు చెడును. కావున మొదట కొంత సొమ్ము ముందుగా పుచ్చుకొనుట, సరకును ఒకే కొలతకు తెచ్చుట, ఎవరి సరకు ఎంతయో వ్రాసి యుంచుట అత్యవసరములు. సహకార సంఘముల సరకును ఎగుమతి చేయుటకే నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ లిమిటెడ్ అను సంస్థ 2023 జనవరి 25న రిజిస్టరు కాబడినది. సంఘములు దానిలో సభ్యత్వము పొందు అవకాశమును మన కార్యవర్గములు ఆలోచింపవలెనని మా మనవి.

10. అభ్యాసము

ఈ పాఠము చదివి ఊరకుండిన ఫలము లేదు. విదేశమునకు అమ్మినవారు తమ కడపటి అమ్మకపు చీటీని తీసి ఈ క్రింది అయిదు అంకెలను ఒక కాగితముమీద వ్రాయవలెను.

(1) కొనువాడు చెల్లించిన డాలర్లు. (2) ఆనాటి ప్రామాణిక మారకపు ధర. (3) ఈ రెంటిని గుణించిన రూపాయలు. (4) మన ఖాతాలో పడిన రూపాయలు. (5) మూడవదానిలో నాలుగవదానిని తీసివేయగా వచ్చిన తేడా, నూటికి ఎంతయో.

ఆ అయిదవ అంకెయే మీ నిజమైన రుసుము. సంస్థ ఏజెంటు ఏమి చెప్పినను, ప్రకటనలో ఏమి వ్రాసినను, ఆ అంకె అబద్ధమాడదు. అది నూటికి పదికి మించినచో అమ్మకములను పెద్ద కట్టలుగా చేయుడు, లేక దారి మార్చుడు, లేక వెల సవరింపుడు. మీ మిగులు నూటికి ఎంతయో దానిప్రక్కనే వ్రాసి పోల్చుడు. రుసుము మిగులును మించినచో, అట్టి అమ్మకము ఎంత ఎక్కువగా సాగిన అంత నష్టము.

లెక్క కుదరనివారు చీటీతో సంఘ కార్యాలయమునకు వచ్చిన, గుమాస్తాతో కూర్చుండి కట్టవచ్చును. ఇంట చదువుకొను పిల్లలున్న వారిచే కట్టించుట ఇంకను మంచిది. మన పిల్లలు బడిలో నేర్చిన శాతముల లెక్కకు ఇంతకంటె ప్రయోజనకరమైన ఉదాహరణము దొరకదు. ఇంటి సొమ్ము ఎచ్చట కాఱిపోవుచున్నదో వారికిని తెలియును.